సాయవ్వ పలువరుస

పొద్దున్నే పళ్ళు తోముకుని ఉమ్మేసరికి నురగలో ఎరుపు కనిపించింది గంగమణికి. గబగబా చెంబెడు నీళ్ళు కుమ్మరించి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. భర్త రాజేశ్వర్ చెరకు తోటకు నీళ్ళు పెట్టడానికి చీకటితోనే వెళ్ళాడు. కొడుకు అఖిలేశ్ ఆఫీసుకని బోధన్ బస్సెక్కాడు. హమ్మయ్య అనుకుంటూ కొంగుతో మూతి తుడుచుకుంది.

వంటింట్లోంచి జొన్నరొట్టె తడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు వెనకే కోడలు సౌజన్య నవ్వు.

"పెద్దత్తమ్మా, గీ వయసుల గంత గట్టి రొట్టె ఎట్ల నములుతరు మీరు?"

"పళ్ళున్నయి గాబట్టి నములుతున్న బిడ్డా. పని జెప్పకుంటె అవి అలుగుతయి" అంది సాయవ్వ. మళ్ళీ ఇద్దరూ నవ్వుకున్నారు.

గంగమణికి ఒళ్ళు మండింది. తన కోడలు తనతో మాట్లాడినప్పుడు ఇలా ఎప్పుడైనా నవ్విందా? 'అలాగే అత్తమ్మా', 'సరే అత్తమ్మా' అని రెండు ముక్కలు. అదే ఆ సాయవ్వ దగ్గరికి పోతే కథలు, కబుర్లు, ఇకఇకలు.

సాయవ్వ ఆమె తోడికోడలు. రాజేశ్వర్ అన్న భీంరావు భార్య. భీంరావు పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. జుక్కల్ దగ్గరి ఊరి నుంచి వచ్చిన మనిషి, డెబ్బైకి దగ్గర పడింది. జుట్టు ముగ్గుబుట్టయింది, నడుము కాస్త వంగింది. కానీ నోరు తెరిచిందంటే ఒక్క పన్ను కదలలేదు, ఒక్కటి ఊడలేదు. వీధిలో ఆడవాళ్ళు కూడా "సాయవ్వ పలువరుస సూడుర్రి" అంటూ ముచ్చటపడతారు. వాళ్ళు ముచ్చటపడినప్పుడల్లా గంగమణి పెదాలు బిగించి, ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి నడుస్తుంది.

ఎందుకు నడవదు మరి? ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో అందరూ మెచ్చుకున్నది గంగమణి నవ్వునే. అక్కకు పెళ్ళి చూపులైతే గంగమణిని దాచాల్సి వచ్చిందని పుట్టింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటిది, ఆమెకంటే పెద్దదైన సాయవ్వకు అన్నీ గట్టిగా ఉన్నాయి, తనకేమో పై వరసలో ముందు పన్ను నాలుకతో తాకితే చాలు ఊగుతోంది. దేవుడి న్యాయం ఏమిటో గంగమణికి అర్థం కాలేదు. అర్థం కాని న్యాయం మీద కోపం సాయవ్వ మీదికి మళ్ళింది.

కోడలికి ఆరో నెల పడినప్పటి నుంచి ఆ కోపానికి ఇంకో ఊతం దొరికింది. కడుపుతో ఉన్న సౌజన్యకు చిగుళ్ళు వాచి, బ్రష్ పెడితే రక్తం వచ్చింది. దవాఖానలో చూపిస్తే, కడుపుతో ఉన్నప్పుడు అలా జరుగుతుంటుంది, రెండు పూటలా మెత్తటి బ్రష్‌తో తోముకోండి, తిండి చూసుకోండి, ఒకసారి పళ్ళ డాక్టరుకూ చూపించండి అన్నారు. సౌజన్య ఇంటికొచ్చి ఆ మాట దాచలేదు. దాచనందుకు సాయవ్వ చేతికి చిక్కింది. పొద్దున రొట్టె, తోటకూర పప్పు. పదింటికి జామకాయ ముక్కలు. మధ్యాహ్నం గడ్డ పెరుగు, నువ్వుల పొడి. సాయంత్రం ఉడికించిన శనగలు. తినగానే నోరు పుక్కిలించమని పక్కన చెంబు పట్టుకుని నిలబడేది. పిల్ల చిగుళ్ళు తగ్గుముఖం పట్టాయి.

గంగమణి చిగుళ్ళు ఎవరడిగారు? ఆమె చెప్పందే ఎవరికి తెలుస్తుంది అని మీరనవచ్చు. నిజమే. కానీ చెప్పడమంటే సాయవ్వ ముందు ఓడిపోవడమే. అది ఆమె ప్రాణం పోయినా చేయదు.

ఊరుకోకుండా తను కూడా పోటీకి దిగింది. నెయ్యి కారేలా గరిజెలు చేసింది, భక్ష్యాలు చేసింది, తెల్లటి సన్నబియ్యం అన్నంలో పాలు, చక్కెర కలిపి కోడలి ముందు పెట్టింది.

"అత్తమ్మా, ఇప్పుడే రొట్టె తిన్న. పొట్టల చోటు లేదు" అంది సౌజన్య, మొహమాటంగా.

"ఎప్పుడు జూసినా గా ఎండు రొట్టేనా? కడుపుతోటి ఉన్న పిల్లవు, మెత్తగ, కమ్మగ తినాలె. నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చినప్పుడు మా అత్త నాకు రొట్టె ముట్టనియ్యలే, తెలుసా? సన్నబియ్యం అన్నం, మీగడ, చాయ్. నన్ను నెత్తిన బెట్టుకున్నది మా అత్త."

"మరి పెద్దత్తమ్మకు?"

"ఆమెకేం, జొన్నరొట్టెల ఊరి మనిషి. ఆమెకు రొట్టె" అంది గంగమణి. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆమె గొంతులో ఓ తృప్తి ఉంటుంది. ఇద్దరు కోడళ్ళలో అత్త తననే మెచ్చిందన్నది ఆమె జీవితంలో గెలిచిన అతి పెద్ద పందెం. చక్కెర దండిగా వేసిన చాయ్‌లో బిస్కట్ ముంచుకుని తింటూ, ఆ గెలుపును రోజుకు చాలాసార్లు తలుచుకునేది.

అయినా లోపల పురుగు తొలుస్తూనే ఉంది. ఆ ముసలిది ఏం తిని పళ్ళు కాపాడుకుంటోంది? పొద్దున వేపపుల్ల నమలడం తనకూ కనిపిస్తోంది. ఇంకేదో ఉంది. రొట్టెలోనే ఉంది. లేకపోతే సౌజన్యకు నెల తిరగకముందే ఎలా తగ్గింది? వచ్చే శుక్రవారం శ్రీమంతం. చుట్టాలంతా వస్తారు, ఫొటోలు తీస్తారు. కోడలికి గాజులు తొడిగేటప్పుడు పక్కన సాయవ్వ నోరారా నవ్వుతుంటే, తను మూతి ముడుచుకుని కూర్చోవాలా? ఆ బొమ్మ కళ్ళముందు కదిలేసరికి గంగమణికి కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాలేదు.

ఆ రోజు సాయవ్వ పెరట్లోకి ఆకుకూర తెంపడానికి వెళ్ళింది. సౌజన్య స్నానానికి వెళ్ళింది. గంగమణి పిల్లిలా వంటింట్లోకి నడిచి రొట్టెల బుట్ట మీద గుడ్డ తీసింది. సాయవ్వ తన కోసమని పెనం మీద కరకరలాడేలా కాల్చుకున్న రొట్టె పైనే ఉంది. నువ్వుల పొడి అద్దుకుని, తను ఎప్పుడూ ముట్టని ఆ గట్టి అంచునే కసిగా కొరికింది.

నోట్లో కలుక్కుమంది. ప్రాణం జివ్వుమని లాగింది. రొట్టె ముక్క బయటికి తీసి చూస్తే, అంచులో దిగబడి తన ముందు పన్ను.

"అత్తమ్మా! ఏందా రక్తం?"

తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డ సౌజన్య కేక పెట్టింది. ఆ కేకకు పెరట్లోంచి సాయవ్వ పరుగెత్తుకొచ్చింది. ఒళ్ళోని తోటకూర నేల మీద రాలిపోయింది.

"ఏమైందే గంగమణీ? ఏది, నోరు జూపియ్యి" అంటూ గడ్డం పట్టుకోబోయింది.

గంగమణి ఆ చేతిని విదిలించి కొట్టింది. నొప్పి, సిగ్గు, ఎన్నాళ్ళ నుంచో కుమిలిన కుళ్ళు అన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి.

"ముట్టకు నన్ను! నీ కండ్లు పడే నా పన్ను ఊడింది. నా పళ్ళ మీద ఎప్పటి సంది కన్నేసినవో!"

"నా కండ్లా? నేనేం జేసిన చెల్లె?"

"ఏం జేసినవా? నా కోడలును గుంజుకున్నవ్. రొట్టె అన్నవ్, కూర అన్నవ్, దాన్ని నీ కొంగుకు కట్టుకున్నవ్. రేపు పుట్టే పిల్లను గూడ గుంజుకుంటవ్. నీకు కడుపు పండలే గద, నా కడుపు పంట మీద పడ్డవ్!"

సౌజన్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది. సాయవ్వ వంగి, నేల మీద రాలిన తోటకూర ఏరి గట్టు మీద పెట్టింది. ఈ ఇంట్లో ఆమెను పిల్లల్లేరని ఎత్తిపొడిచిన వాళ్ళు అంతకుముందు లేరు. అత్త కూడా అనలేదు.

"నిజమే. నేనే తెల్వక మీద పడ్డ. మా తమ్ముని దగ్గరికి పోత" అంది నెమ్మదిగా. కోపంగా అని ఉంటే గంగమణి తిరిగి అని ఉండేది. ఆ నెమ్మదికి ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది.

తోట నుంచి వచ్చిన రాజేశ్వర్ సంగతి విని తల పట్టుకున్నాడు. భార్యను చెడామడా తిట్టబోయి, రక్తం ఆగని ఆ మూతి చూసి మింగేశాడు. "ముందుగాల దవాఖానకు పోవాలె. గా పంచాయితీ తర్వాత" అని ఆటో పిలిచాడు. "సౌజన్యను గూడ పళ్ళ డాక్టరుకు జూపియ్యాలని అనుకుంటనే ఉన్నం గద, ఇద్దరినీ చూపిద్దం."

ఆటో ఎక్కేటప్పుడు సాయవ్వ కూడా వచ్చింది. చేతిలో బట్టల సంచి.

"వదినె, గా సంచేంది?" అన్నాడు రాజేశ్వర్.

"డాక్టరు దగ్గర గంగమణికి తోడుంట. ఆయెనంక అటు నుంచి అటే బస్సెక్కుత. దవాఖానకు బస్టాండు దగ్గరనే గద."

రాజేశ్వర్ బతిమాలాడు, సౌజన్య ఏడ్చింది. గంగమణి మూతికి కొంగు అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. పోనీ, పోతే పోనీ అనుకుంది. అనుకున్నంత సంతోషం మాత్రం రాలేదు.

పళ్ళ డాక్టరు రాజశ్రీ వయసులో చిన్నదే. ముందు సౌజన్యను చూసి, "మీవి బాగున్నయమ్మా. ఇదే తిండి, ఇట్లనే శుభ్రం" అంది. తర్వాత గంగమణిని కుర్చీలో వెనక్కి వాల్చి, లైటు పెట్టి, చాలాసేపు చూసింది. ఊడిన పన్ను చోట దూది పెట్టింది.

"రొట్టె కొరికితే ఊడలేదమ్మా ఇది. చిగురు ఎప్పుడో వదిలేసింది, రొట్టె ఒక సాకు. రక్తం ఎన్నాళ్ళ నుంచి వస్తోంది?"

గంగమణి కళ్ళు పక్కకు తిప్పుకుంది. అదే జవాబని డాక్టరుకు అర్థమైంది.

"పక్కవి ఇంకా నిలబెట్టొచ్చు. ముందు గార తీసి శుభ్రం చెయ్యాలి. షుగర్ పరీక్ష చేయించండి, అది ఉంటే చిగుళ్ళు తొందరగా పాడవుతాయి. రోజూ ఏం తింటారు?"

"అన్నం. చాయ్... బిస్కట్లు" అంది గంగమణి నోట్లో దూదితోనే.

"చాయ్ ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లంటే... పొద్దంత" అని రాజేశ్వర్ అందించాడు.

"అదే. తీపి నోట్లో పొద్దంతా ఉంటే పళ్ళు ఎంతసేపని కాపు కాస్తాయి? మెత్తటి అన్నం, తీపి చాయ్ ఇవే తింటే నమలడానికి ఏం లేదు, చిగుళ్ళకు బలమిచ్చేదీ లేదు. ఆకుకూరలు, పెరుగు, నువ్వులు, జామ, ఉసిరి ఇవన్నీ తినాలి. ఎప్పటి నుంచి ఈ తిండి?"

"పెండ్లయినప్పటి సంది" అంది గంగమణి. కుర్చీలో పడుకుని ఉన్నా ఆ పాత గర్వం ఎక్కడికీ పోలేదు. "మా అత్త నాకు అదే పెట్టిచ్చేది."

"అత్త గాదు డాక్టరమ్మా."

ఆ మాటన్నది సాయవ్వ. గోడ పక్కన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి లేచి నిలబడింది. తప్పు చేసిన పిల్లలా నేల చూస్తోంది.

"అది నా తప్పు. ఇది పెండ్లయి వచ్చినప్పుడు చిన్నపిల్ల. పుట్టింట్ల వరన్నం తిని పెరిగిన పిల్ల. మా అత్తది గట్టి చెయ్యి. ధాన్యం ఎంత పండినా అన్నం మొగోళ్ళకు, చుట్టాలకు. కోడండ్లకు రొట్టె, ఒక్క పిడికెడు అన్నం. కొలిచి పెట్టేది. ఇది రొట్టె నమలలేక పొయ్యి ఎనక కూసొని ఏడిచింది. నాకు పానం ఒప్పలే. కంచాలు నింపేది నేనే గద. నా పిడికెడు అన్నం దీనికేసి, దీని రొట్టె నేను తిన్న. పాల మీగడ, చాయ్ల చక్కెర గూడ అంతే. నా వంతు దీనికే పోసేదాన్ని. అత్తే పెట్టిస్తున్నదని ఇది అనుకున్నది, నేను చెప్పలే. నాకు పిల్లల్లేరు, ఇదే నా పిల్ల అనుకున్న. మెత్తది పెడితే మంచిగ చూసుకున్నట్టే అనుకున్న. గది దీని పళ్ళు తింటదని నాకేం ఎరుక డాక్టరమ్మా?"

సాయవ్వ కళ్ళొత్తుకుంది. "దాని పళ్ళు గట్లయితే నావి గిట్ల మంచిగున్నయంటె, ఇన్నేండ్లు దాని రొట్టెలు తిన్నందుకే" అంది.

గంగమణికి కుర్చీ మీద నుంచి లేవాలనిపించింది, లేవలేకపోయింది. ఇన్నేళ్ళు తను గెలిచాననుకున్న పందెం ఎవరితోటి? అత్త మెచ్చింది తనను కాదు. అత్తకు ఇద్దరూ ఒకటే, ఇద్దరికీ పిడికెడే. నెత్తిన పెట్టుకున్నది ఎవరో కాదు, పొద్దున 'నీకు కడుపు పండలే' అని తను నోరు పారేసుకున్న ఈ మనిషి. తను కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూసిన ఆ పలువరుస, తను వద్దన్న రొట్టెలు తిని నిలబడ్డది. ఈర్ష్య పడటానికి ఏం మిగిలింది? గంగమణికి ఏడుపు ఆగలేదు. దూది నోట్లో ఉండటంతో అది ఏడుపులా కూడా వినిపించలేదు.

"నొప్పి ఉందా అమ్మా?" అని డాక్టరు కంగారుపడింది.

గంగమణి తల అడ్డంగా ఊపింది. కుర్చీలోంచి చెయ్యి చాచి సాయవ్వ చీర చెంగు పట్టుకుంది. రాజేశ్వర్ ఆ సంచి తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇంటికొచ్చాక గంగమణి రోజంతా చాయ్ అడగలేదు. సౌజన్య వచ్చి పక్కన కూర్చుని, "అత్తమ్మా, మీకు గూడ రక్తమొస్తుందని నాకెందుకు చెప్పలే? ఇద్దరం కలిసి తినేటోళ్ళం గద" అంది. గంగమణి కోడలి కడుపు మీద చెయ్యి వేసింది.

మర్నాడు పొద్దున రొట్టె తడుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది. గంగమణి వంటింట్లోకి వచ్చి, పీట లాక్కుని పొయ్యి ముందు కూర్చుంది. బోసిగా ఉన్న ఆ ఖాళీని కొంగుతో దాచుకోలేదు.

"అక్కా, నిన్న నేనన్న మాటకు..." అని ఆగిపోయింది. "నా నాలుక కాలిపోను."

"పొద్దుగాల పొద్దుగాల నాలుక ఎందుకు కాలవెట్టుకుంటవ్? పన్ను పోనే పోయింది, నాలుక గూడ పోతె ఎట్ల మాట్లాడుతవ్?" అంది సాయవ్వ పెనం మీద రొట్టె తిప్పుతూ. పక్కన తోటకూర తరుగుతున్న సౌజన్య నవ్వు ఆపుకోలేకపోయింది. గంగమణి కూడా ఏడుస్తూనే నవ్వింది.

"నవ్వకుర్రి గని, నాకో రొట్టె ఇయ్యక్కా. ఇన్నేండ్లు నా వంతుది నువ్వే తిన్నవ్. ఇగ నా వంతు నాకియ్యి."

సాయవ్వ కాలిన రొట్టెను దించి, చుట్టూ గట్టి అంచంతా తుంచి తన కంచంలో వేసుకుంది. నడిమి మెత్తటి ముక్కను చిన్నచిన్నగా చేసి, పెరుగులో నానబెట్టి గంగమణి ముందు పెట్టింది. ఆ చేతులు ఆలోచించకుండానే ఆ పని చేశాయి.

గంగమణి ఆ రెండు కంచాలనూ చూసింది. ఇన్నేళ్ళూ ఈ వంటింట్లో ఇలాగే జరిగి ఉంటుంది, తను ఒక్కనాడూ తల ఎత్తి చూడలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పగా తగిలింది. పెరుగులో ఉప్పు ఎక్కువైందో, కన్నీళ్ళు కారాయో ఆమెకు తెలియలేదు.